ఆరో గంట జాగ

నేను ఇంగ్లండు చూడలేదు. చూస్తనన్న ఆశ కూడ లేదు, నా ఇకామా కార్డు, నా బతుకు రెండూ ఈ సౌదీల ఖమీస్ ముషైత్‌లనే తెల్లారుతున్నయి. గాని ఆ దేశంల ఒక పిట్టంత ఊరున్నది, ఆ ఊరి చర్చిల ఆరు గంటలున్నయి. ఏ గంట ఎన్క ఏది మోగుతదో నిద్రల లేపి అడిగినా చెప్త. మా రూమోళ్లు నన్ను చర్చి పటేలా అని ఎక్కిరిస్తరు. ఎక్కిరియ్యనీ. ఎక్కిరిచ్చేటోళ్లు కూడ ఆ గంటలు పట్టినోళ్లే, నా ముందల ఎగిరేది ఏమున్నది.

నేను కంపౌండ్‌ల మెయింటెనెన్స్ పని చేస్త. వేరే దేశాలకెల్లి వచ్చిన సార్లు ఉండే విల్లాలు అవి. ఖమీస్ గుట్టల మీది ఊరు గదా, ఏసీల కన్న గీజర్లే ఎక్కువ సతాయిస్తయి. గట్ల ఒకనాడు గీజర్ బాగుచేస్తందుకు ఒక ఇంగ్లండు సారు విల్లాకు పోయిన. ఆయన ఏదో కాలేజీల మిషన్ల పని నేర్పుతడు. అరవైకి దగ్గరున్నడు, ఒక్కడే ఉంటడు, మనిషి పొడుగు, మాట తక్కువ. హాల్‌ల బల్ల మీద ఒక కట్టెపెట్టె తెరిచి ఉన్నది. లోపట పచ్చబట్ట మీద ఆరు ఇత్తడి గంటలు, తోలు పిడులతోని, చిన్నదానికెల్లి పెద్దదాని దాక వరుసగ పండవెట్టి ఉన్నయి. నాకు తెల్వకుంటనే చెప్పులు ఇడిసిన. ఒక గంటను ముట్టి కండ్లకద్దుకున్న. ఎన్కకు మర్రి చూస్తె సారు నిలవడి నన్నే చూస్తున్నడు.

అడగకుంట ఇంట్ల సామాన్ ముట్టుడు మా పనిల పెద్ద తప్పు. సారు కోపం చెయ్యలే. ఎందుకట్ల చేసినవని అడిగిండు. మా దగ్గర గంట దేవుని ముందల కొడతం సార్, అని నాకొచ్చిన ఇంగ్లీషుల చెప్పిన. మా దగ్గర కూడ అంతే అన్నడు. అని, గీజర్ సంగతి పక్కకు వెట్టి, ఫోన్ తీసి వాళ్ల ఊరు చూపిచ్చుడు మొదలువెట్టిండు.

ఊరంటే ఊరు కాదది, మా జగిత్యాల దిక్కు వాడకట్టంత లేదు. ఒక్కటే బాట, బాటకు అటిటు ఇండ్లు, ఎన్క బార్లీ చేన్లు. బడి మూతవడ్డది, దుకాణం మూతవడ్డది. చర్చి ఒక్కటి నిలవడ్డది. గోడలు చెకుముకి రాళ్లతోని కట్టినయి, ఒక పక్కన నాలుగు మూలల బురుజు, చుట్టు గోరీలు, గోరీల మీద నాచు. పాస్టరు ఒక్కడే చుట్టుపక్కల ఊర్లన్నిటికి తిరుగుతడట, మా దగ్గర పంచాయితి సెక్రటరీ తిరిగినట్టు. అందుకని ఆ చర్చిల ప్రార్థన నెలకొక్కసారే. గంటలు మాత్రం ప్రతి ఆదివారం మోగాలె. పాస్టరు వచ్చినా రాకున్నా, లోపట ముగ్గురే కూసున్నా, మోగాలె. మా ఊరికి దేవుడున్నడని పక్కూరికి తెల్వాలె గదా అని వాళ్ల నాయిన అంటడట. ఆ మాట నాకు మస్తు నచ్చింది.

బురుజుల ఆరు గంటలు వేలాడుతయి. కొన్ని రాజుల కాలం నాడు పోతవోసినయి. కింద ఆరు తాళ్లు, ఒక్కో తాడుకు ఉన్ని కుచ్చు, గంగిరెద్దు మెడల కుచ్చుల లెక్క రంగురంగులు. గోడకు చెక్క పలకలు, వాటి మీద అప్పట్ల ఆ గంటలు కొట్టినోళ్ల పేర్లు రంగుతోని రాసి ఉన్నయి. సారు వాళ్ల తాత పేరున్నది. అన్నిట్ల పెద్దది ఆరో గంట, అది సారు వాళ్ల నాయిన కొడతడు. చిన్నప్పటి సంది కొడుతున్నడు, ముసలితనంల గూడ ఇడవలే.

అది పాట కొట్టుడు కాదు, లెక్క కొట్టుడు. ముందుగాల సన్నదానికెల్లి పెద్దదాని దాక వరుసగ కొడతరు. ఇగ ఆనించి ప్రతి వరుసకు గంటలు పక్కదానితోని జాగ మార్చుకుంటయి. ముందలది ఒక్కో అడుగు ఎన్కకు పోతది, ఎన్కది ఒక్కో అడుగు ముందలికి వస్తది. అన్ని గట్ల ఒకదాంట్ల ఒకటి అల్లుకొని తిరిగి మళ్ల మొదటి వరుసకు వస్తె అయిపోయినట్టు. రాసుకునేది లేదు, చూసుకునేది లేదు, చెవిల వెట్టుకొని తిరుగుడే. కంపౌండ్‌ల ఇంతకుముందు ఇంకో ఇద్దరు ఇంగ్లండోళ్లు ఉంటుండెనట, ముగ్గురు తలా రెండు చేతిగంటలు పట్టుకొని కొట్టుకునేటోళ్లట. వాళ్ల కంట్రాక్టు అయిపోయింది, వెళ్లిపోయిన్రు. అప్పటిసంది పెట్టె గట్లనే తెరిచిపెట్టుకొని చూసుకుంట కూసుంటడు.

సార్, ఇది మా చిరుతలాట, అన్న. 

ఆయనకు ఏం సమజ్ కాలే. నేను ఊరుకుంటనా, తెల్లారి మా రూములున్న కాకను తోలుకపోయిన. వరుసకు కాక కాదు, వయసుకు కాక. టైల్స్ ఏస్తడు. ఊర్లె చిరుతల భజన నేర్పిన గురువు, ఆ ముచ్చట దినాం ఒకసారన్న చెప్పంది అన్నం ముట్టడు. రెండు చేతులల్ల చెక్క చిరుతలు కొట్టుకుంట గుండ్రంగ తిరిగేటప్పుడు లోపలోడు బయటికి, బయటోడు లోపటికి ఎట్ల అల్లుకపోతరో కాక హాల్‌ల ఒక్కడే ఎగిరి చూపిచ్చిండు. సారు నవ్విండు. ఆయన పండ్లు నేను అదే మొదలు చూసుడు.

ఆరుగురం కావాలె. సారు, నేను, కాక, మా రూములోళ్లే ఇద్దరు పోరగాండ్లు. ఆరో మనిషి కోసం కంపౌండ్ బస్సు నడిపే కడప తమ్ముని అడిగిన. నమాజ్ తప్పని మనిషి, నోరు తెరిస్తె మాత్రం ఎవ్వల్ని వదిలిపెట్టడు.

"ఏంన్నా, నన్ను గంటలు కొట్టేకి పిలుస్తాండావా? మా ఇంట్లో తెలిస్తే నా తాట తీస్తారు" అన్నడు.

వచ్చి సారునే సీదా అడిగిండు, ఇది పూజనా, లెక్కనా అని. మా చర్చిల అయితే దేవుని కోసం, నా హాల్‌ల అయితే ఉత్త లెక్క, అని సారు చెప్పిండు.

"లెక్కయితే నేనూ వస్తా. మీ జగిత్యాలోళ్ల కంటే నాకే బాగొస్తాది" అని నాలుగో గంట చేతుల పట్టుకున్నడు.

ఇగ మొదలైంది లొల్లి. శుక్రవారం శుక్రవారం కూడుడు, తలుపులు కిటికీలు మూసుకొని నిలవడుడు. మసీదుల అజా వినవడకముందే బందు చేసుడు, అది సారు పెట్టిన కట్టుబాటు. గంటను మీదికెత్తితె ఒక దెబ్బ, కిందికి దించితె ఒక దెబ్బ. అంతే పని. అంత అల్కగ ఉన్నదనుకుంటె అయిపోయినట్టే. ముందుగాల గంటలు కిందవెట్టి, కాక మమ్ములను కార్పెట్ మీద ఉత్తగ నడిపిచ్చిండు, ఎవలు ఎవల పక్కకెల్లి పోవాలెనో కాళ్లకు అలవాటయితందుకు. కాళ్లకు వచ్చినంక చేతులకు వచ్చింది. అప్పుడు కొత్త తిప్పలు వచ్చినయి.

ఒకటి, మాకు ఊపు ఆగదు. చిరుతలాటల పోను పోను జోరు పెరగాలె, అదే మజా. సారుకు మొదటి వరుస ఎంత నిమ్మళమో ఆఖరి వరుస గూడ అంతే ఉండాలె. రెండోది దీనికన్న పెద్ద పంచాతి. సారు వాళ్ల పద్ధతిల ఎవలన్న తప్పితె, వరుస కలవకుంటె, అందరు ఆపాలె. స్టాండ్ అంటడు, అందరం గంటలు దించుడు, మళ్ల మొదటికెల్లి. మా పద్ధతిల ఆపుడనేది లేదు. ఆట నడుస్తుండగ ఒకడు అడుగు తప్పిండు అనుకో, కాలు మడతవడ్డది అనుకో, పక్కోళ్లు వాని జాగ ఖాళీగ ఉంచుకుంట తిరుగుతరు. వాడు ఊపిరి తీసుకొని ఆ జాగల మళ్ల కలుస్తడు. ఆట ఆగితె అందరు తప్పినట్టు. ఎన్నేండ్ల అలవాటో, చేతులు వింటయా. సారు స్టాండ్ స్టాండ్ అని మొత్తుకుంటుంటె మేము కొట్టుకుంటనే పోయేది. ఆయన మొఖం మిరపపండయ్యేది. ఒకనాడు గంట కిందవెట్టి, మీకు చెవులున్నయా అని గట్టిగనే అన్నడు. కాక గూడ తక్కువోడు కాదు. మీ సారుకు చెప్పు, పడ్డోన్ని ఇడిసిపెట్టి ఆపుడు మా ఇంట వంట లేదని, అన్నడు. నేను ఆ మాట సారుకు చెప్పలే. ఇంగ్లీషుల వచ్చి ఉంటె చెప్దును.

గాని నెలలు గడిచినకొద్ది మేము నేర్చినం. ఆపుమంటె ఆపుడు నేర్చినం, నిమ్మళంగ కొట్టుడు నేర్చినం. ఆరు గంటలు ఒకదాంట్ల ఒకటి అల్లుకొని, ఎక్కడ తట్టుకోకుంట, మళ్ల మొదటి వరుసకు వచ్చిన దినం నాకు ఒంటి మీద ఎంటికలు లేచినయి. నేను పదో తరగతి తప్పినోన్ని. దేశం గాని దేశంల, ఇంకో దేశపోళ్ల తాతల నాటి విద్య నా చేతులకు వచ్చింది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు చెప్తె, జీతం పెరిగిందేమో అనుకున్న అన్నది. దానికేం ఎరుక.

సారు ఒకసారి వాళ్ల నాయినకు వీడియో కాల్ చేసిండు. ముసలాయన బురుజు లోపట్నే కూసున్నడు, ఎన్క తాళ్లు, కుచ్చులు అన్ని కనవడ్డయి. మేము కొట్టినం. ఆయన కండ్లు మూసుకొని విన్నడు. అయిపోయినంక, బస్సేమన్న ఎల్లిపోతున్నదా, జర నిమ్మళంగ కొట్టుమను, అన్నడట. మా కడప తమ్ముడు నవ్వుకుంట, బస్సు నా చేతిలోనే ఉండాది, ఎక్కడికీ పోదని చెప్పు సార్, అన్నడు. ముసలాయన నన్ను, నీది ఎన్నో గంట అని అడిగిండు. ఐదోది అన్న. అయితె ఆరోదాని పక్కోనివి, నా కొడుకును చూసుకో, ఆనికి తొందర ఎక్కువ, అన్నడు. సరే సార్ అన్న. పెద్దమనిషి అప్పజెప్పిన పని గదా.

గదే ఆఖరు మాట. చలికాలం మొదట్ల ఆయన నిద్రలనే పోయిండు.

నేను నల్లా చూస్తందుకు పోతె సారే చెప్పిండు, మామూలు ముచ్చట చెప్పినట్టే. మా రూముల అసొంటి ఫోన్లు అందరికి వచ్చినయి. నాకు గూడ వచ్చింది. మా నాయిన పోయిన పొద్దు దేశం పోయి రానిచ్చే ఎగ్జిట్ రీ ఎంట్రీ కాయిదం కోసం ఆఫీసు ముందల కూసున్న. అది చేతికొచ్చేసరికి ఊర్లె అంత అయిపోయింది. తలకొరివి మా చిన్నాయన కొడుకు పెట్టిండు. సార్లకు ఈ బాధ ఉండదనుకునేటోన్ని. టికెట్ కొంటరు, పోతరు. ఈ సారు పాస్‌పోర్టు అప్పుడే కొత్తదాని కోసం పంపి ఉన్నది. అది వచ్చి, ఇకామాల ఎక్కితె గాని దేశం దాటనియ్యరు.

వాళ్ల దగ్గర పోయినోన్ని తెల్లారే మట్టి చెయ్యరట, రెండు మూడు వారాలు ఆపుతరట. ఇన్ని దినాలా అని కాక నోరు తెరిచిండు. నాకు మాత్రం, ఇంకా టైం ఉన్నది, ఈ మనిషన్న పోతడు అని ఆశ పుట్టింది. దినాం పొద్దుగాల సారు విల్లా ముందలికెల్లి పోవుడు, వచ్చిందా సార్ అని అడుగుడు, లేదని తలకాయ ఊపుడు. ఆఖరికి మట్టి చేసే శుక్రవారం వచ్చింది, పాస్‌పోర్టు రాలేదు.

ఆ ఊర్లె ఒక రివాజు ఉన్నది. గంటలు కొట్టేటోడు చచ్చిపోతె, శవం పెట్టెను చర్చిలకెల్లి బయటికి తెచ్చేటప్పుడు మిగిలినోళ్లు ఆరు గంటలు కొట్టి సాగనంపుతరు. పోయినోని గంట ఇంటోడు పడతడు. సారు వాళ్ల తాత పోయినప్పుడు ఆరో తాడు వాళ్ల నాయిన గుంజిండు. ఇప్పుడు సారు గుంజాలె. ఆయన లేడు గన్క ఆరో తాడు కట్టేసి, ఐదుగురే కొడతమని ఊరోళ్లు చెప్పిన్రట. మేము ఆరుగురం ఉన్నం గద సార్ అన్న. అదే టైంకు ఇక్కడ కొడదాం, ఆరోది నువ్వు పట్టు. మీ నాయినకు నీ చేతులకెల్లే పోవాలె.

చావుకు కొట్టేటప్పుడు గంట నాలుకకు ఒక దిక్కు తోలు కడతరట. ఒక దెబ్బ మామూలుగ వస్తది, ఇంకో దెబ్బ మెత్తగ, పక్కవాడల మోగినట్టు వస్తది. తోలు ఎక్కడిది అంటె, నా కొత్త పని గ్లౌజులు ఉండె, వాటి అరచేతి తోలు కత్తిరిచ్చి అతికిచ్చిన. స్టోర్ కీపర్ తిడితె తిట్టనీ.

శుక్రవారం జుమ్మా నమాజ్ అయినంక కడప తమ్ముడు ఉతికిన పొడుగు తోబు అంగి మీదనే వచ్చిండు. వస్తనే సారు చెయ్యి రెండు చేతులతోని పట్టుకున్నడు. అందరం తానం చేసి వచ్చినం. సారు కోటు తొడుక్కున్నడు. ఊరికెల్లి మెసేజ్ వచ్చింది, పెట్టె లేపుతున్నమని. సారు ఫోన్ బోర్ల వెట్టి, ఆరో గంట పట్టుకున్నడు. మొదలువెట్టమన్నడు.

ఒక వరుస గట్టిగ, ఒక వరుస మెత్తగ. జోరు పెరగలే. సన్నది ఎన్కకు, పెద్దది ముందలికి, ఎవలి అడుగు వాళ్లది. సారు గంట ఒక్కో జాగ దాటుకుంట ముందలికి వచ్చింది, అందరికన్న ముందల మోగే జాగకు వచ్చింది. అక్కడ మోగలే.

చూస్తె గంట సారు ఛాతి కాడ ఆగి ఉన్నది. తలకాయ కిందికి పడ్డది. భుజాలు ఊగుతున్నయి.

ఆయన నేర్పిన పద్ధతి ప్రకారం మేము ఆపాలె. ఆపలే. ఎవ్వలు ఎవ్వల దిక్కు చూడలే, ఎవ్వలు సైగ చెయ్యలే. ఆయన జాగ ఆయనకు ఇడిసిపెట్టి, ఐదుగురం కొట్టుకుంట పోయినం. ఆ ఖాళీ గూడ మా నడుమల నడిచింది. ముందల ఉన్నది రెండో జాగకు వచ్చింది, మూడోదానికి వచ్చింది, నా పక్కకెల్లి దాటి ఎన్కకు పోయింది. అదే టైంకు ఆ ఊర్లె గూడ ఐదు గంటలే మోగుతున్నయి, ఆరోదాని జాగ గిట్లనే ఖాళీగ తిరుగుతున్నది. ఆ ఎరుక నాకు కొట్టుకుంట కొట్టుకుంటనే వచ్చింది.

ఖాళీ తిరిగి తిరిగి ఆఖరి జాగకు వచ్చింది. నేను నా ఐదోది కొట్టి, సారు చెయ్యి దిక్కు చూసిన. చెయ్యి లేచింది. పెద్ద గంట దాని జాగల అది మోగింది.

ఇగ ఆనించి ఆయన తప్పలే. ఇంకోపారి మొత్తం తిప్పి మొదటి వరుసకు తెచ్చినం. అక్కడ సారు స్టాండ్ అనాలె, మేము ఆపాలె. ఆయన అనలే. మేము వరుస మీద వరుస కొట్టుకుంటనే ఉన్నం, సన్నదానికెల్లి పెద్దదాని దాక, మళ్ల సన్నదానికెల్లి. ఆయనకు ఆ మాట నోట్లెకెల్లి వస్తలేదు. స్టాండ్ అంటె వాళ్ల నాయిన పోతడు. కాక నా దిక్కు చూసిండు. పెద్దోడు కాకనే, ఆయనే అనొచ్చు. గాని ఆరోదాని పక్కోన్ని నేను.

"సార్, ఇగ పోనియ్యి" అన్న. తెలుగులనే అన్న, ఇంగ్లీషు యాదికి రాలే.

సారు నా మొఖం చూసిండు. ఇంకొక్క వరుస కొట్టిచ్చిండు, ఆ ఆరో గంట ఎంత గట్టిగ కొట్టిండో. అప్పుడు స్టాండ్ అన్నడు. అన్ని ఒక్కపారి ఆగినయి.

మా నాయిన పాడె ముందల ఎవలు డప్పు కొట్టిన్రో, ఎవలు నడిచిన్రో నేను చూడలే. ఆ ఊరి పెద్దమనిషి ముందల మాత్రం గంట పట్టుకొని నేను నడిచిన.